పుట్టింది మిల్పీటస్‌లో

నా జాతకం ముందు ఫెండరు లోపలి రేకు మీద కొట్టి ఉంది: 7ఆర్02సి, ఆ తర్వాత ఆరంకెలు. ఏడంటే 1967, ఆర్ అంటే శాన్ హోసే ప్లాంటు, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్, సి అంటే 289 ఘనపు అంగుళాల వి8 ఇంజను. లీటర్లలో చెబితే 4.7. నేను ఫోర్డ్ మస్టాంగ్‌ని. పేరుకే శాన్ హోసే, ప్లాంటు ఉన్నది పక్కనున్న మిల్పీటస్‌లో. 1983లో మూసేశారు. ఇప్పుడక్కడ గ్రేట్ మాల్. నన్ను బిగించిన చోటే శని, ఆదివారాల్లో బే ఏరియా తెలుగువాళ్లు బూట్ల ధరలు బేరీజు వేసుకుంటుంటారు.

నాకు 200 హార్స్‌పవర్ అని కంపెనీ చెప్పుకుంది. అప్పట్లో ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు ఏవీ తగిలించకుండా వట్టి ఇంజన్నే కొలిచేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలయ్యాక చాలామంది బండారం బయటపడింది. అప్పటికే అమ్ముడుపోయాను గనక నా పరువు దక్కింది.

తుప్పు దగ్గర మాత్రం దక్కలేదు. ముందు అద్దం కింద గాలికోసం జాలీ ఉంటుంది. వాననీళ్లు అందులోంచి దిగి, లోపలి గూట్లో ఆకులతో కలిసి నానుతూ రేకును తినేస్తాయి. చివరికి డ్రైవరు కాళ్లమీద కారుతాయి. నా తరం మస్టాంగులన్నిటికీ ఉన్న జబ్బే ఇది. పాత యజమాని కొత్త కార్పెట్టు పరిచి అమ్మేశాడు. ఇప్పటాయన కార్పెట్టు ఎత్తగానే నేల కనబడింది. నా నేల కాదు, గ్యారేజీది. స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్లుతో తొలిచి, గూడు మొత్తం ఊడదీసి కొత్తది అతికారు. వెనక రెక్కల్లో వేలు మందాన పుట్టీ బయటపడింది. దాని సంగతి వద్దులెండి.

అసలు గొడవ ఆ తర్వాత. వెల్డింగుకొచ్చిన మిత్రుడు, ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే ఉంచమంటాడు. యజమానికేమో నడపాలని. ‘బులిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన 1968 మస్టాంగ్ సంగతి ఇద్దరూ ఎత్తారు. 2020 వేలంలో కమిషనుతో కలిపి 37 లక్షల డాలర్లు దాటింది. కొత్తగా ముస్తాబు చెయ్యలేదు చూడు అని ఒకాయన. సినిమావాళ్లు కెమెరాకోసం వెల్డు చేసిన బ్రాకెట్లు ఇంకా దాని ఒంటిమీదే ఉన్నాయి కదా అని రెండో ఆయన.

నన్నడిగితే చెప్పేదాన్ని. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులతో శాంటా క్రూజ్ కొండరోడ్డు దిగడమంటే ఏమిటో నాకు తెలుసు. వేడెక్కాక పెడల్ ఎంత తొక్కినా పట్టు ఉండదు. 1967లో ముందు చక్రాలకు డిస్కులు అడిగితే ఇచ్చేవారు, మొదట కొన్నవాడు డబ్బులు మిగుల్చుకున్నాడు. ఇప్పుడు అవి వచ్చాయంటే పాత బాకీ తీరినట్టే. సీసం కలిపిన పెట్రోలు పోయింది గనక గట్టి వాల్వ్ సీట్లు వేయించారు. మూడు గేర్ల ఆటోమేటిక్ దిగిపోయి, ఎనభైల మస్టాంగుల్లో వచ్చిన టీ-5 ఐదు గేర్ల పెట్టె ఎక్కింది. ఫ్రీవే మీద ఇంజను ఇప్పుడు అరవదు. విప్పినవన్నీ చీటీలు కట్టి అటకమీద పెట్టారు, మిత్రుడి మాట కాదనలేక.

మొన్న యజమాని కూతురొచ్చి, వి8 తీసేసి ఎలక్ట్రిక్ మోటారు పెడితేనో అంది. ఆయన కొట్టిపారేస్తాడనుకున్నాను. బ్యాటరీ ఎంతవుతుందని అడిగాడు!