సాపు సడక్ మీద కాక

సూరత్‌లో లింబాయత్ వైపు తెలుగువాళ్లు స్థిరపడి తరాలు గడిచాయి. సాంచాల (మరమగ్గాల) పనికి తెలంగాణ నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు, తెలుగులో పాఠాలు చెప్పే మునిసిపల్ బడులు, ఏటేటా బతుకమ్మ, అన్నీ ఉన్న ఆ వాడల్లో కొత్తగా తయారైన మనిషి మారథాన్ కాక. మనం చిన్నాయనను కాక అంటాం. గుజరాతీలోనూ కాకా అంటే చిన్నాయనే. కాబట్టి రెండు భాషల్లోనూ సలహాలివ్వడానికి ఈయనకు పుట్టుహక్కు ఉంది. చక్కెర పరీక్ష కాగితం చూసి భయపడి పరుగు మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన్ను చూసి చుట్టాలు భయపడుతున్నారు. పెళ్లి పందిట్లో ఎదురుపడితే పిల్లల చదువులు అడగడు, మోకాళ్ల సంగతి అడుగుతాడు. కల్యాణమంటపం ఎంత దూరమంటే కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో చెబుతాడు, అదీ ఆయన నిమిషాల్లో. పతకాలు దేవుడి పటానికి తగిలించాడు. హారతి ఇచ్చినప్పుడల్లా దేవుడికంటే అవే ఎక్కువ మెరుస్తాయి. ఇక సూరత్ రోడ్ల గురించి ఆయన మాట ఒక్కటే: ‘ఎత్తు లేదు, దిగుడు లేదు, సాపు సడక్. ఇండ్ల పరుగెత్తుడు గూడ ఒక పనేనా?’

ఆ ఒక్క మాటలోనే ఆయన పొరపాటంతా ఉంది. సూరత్ చదునైన ఊరే. తాపీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, సముద్రమట్టానికి 13 మీటర్ల ఎత్తున పరుచుకున్న నేల అది. 1994 ప్లేగు తర్వాత మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు ఆక్రమణలు తీయించి రోడ్లు వెడల్పు చేయించాడు. 2018 ఫిబ్రవరి 25న ప్రధాని మోదీ జెండా ఊపిన ‘రన్ ఫర్ న్యూ ఇండియా’ మారథాన్ జరిగిందీ ఈ ఊళ్లోనే. అయితే రోడ్డు చదునుగా ఉండటం వేరు, పరుగు తేలిగ్గా ఉండటం వేరు. గుట్ట ఎదురైతే మనిషిని అదే ఆపుతుంది. దిగేటప్పుడు ఒక కండరం పని చేస్తే ఎక్కేటప్పుడు ఇంకొకటి చేస్తుంది. చదును రోడ్డు మీద ఆ వంతులు ఉండవు. అడుగుకు మీటరు చొప్పున వేసుకున్నా 42 వేల అడుగులు, అన్నీ ఒక్క తీరే, అన్నీ ఆ కాళ్లవే. పైగా ఎవరూ ఆపని దారిలో తనను తాను ఆపుకోవాలి. కాకకు చేతకానిది సరిగ్గా అదే.

లెక్క చూద్దాం. నాలుగు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. కానీ ఫిబ్రవరి తెల్లవారుజాము చల్లగా ఉంటుంది, పక్కన డోలు మోగుతుంటుంది, ముందు ఒక పాతికేళ్ల కుర్రాడు పోతుంటాడు. కాక మొదటి 5 కిలోమీటర్లు 5 నిమిషాల 10 సెకన్ల లెక్కన లాగించి, రెండున్నర నిమిషాలు మిగిలాయని మురిసిపోతాడు. అది మిగులు కాదు, అప్పు. కిలోమీటరు పరుగుకు శరీరం కిలో బరువుకు సుమారు ఒక కేలరీ ఖర్చు పెడుతుంది. 70 కిలోల కాకకు మొత్తం దారికి 2,900కు పైగా కావాలి. కండరాల్లో, కాలేయంలో పిండిపదార్థంగా దాచుకోగలిగింది దాదాపు 2,000. మిగతాది కొవ్వు నుంచి రావాలి, కొవ్వు మెల్లగా కాలుతుంది. మొదట్లో తొందరపడితే దాచుకున్నది ముందే అయిపోతుంది. అందుకే 30వ కిలోమీటరు దాటాక ఎదురుగా గోడ కట్టినట్టు నిలబడిపోతారు. ఆఖరి 10 కిలోమీటర్లు ఎనిమిదేసి నిమిషాల చొప్పున ఈడ్చితే పోయేది 23 నిమిషాలు. రెండున్నర నిమిషాల అప్పుకు ఇంత వడ్డీ సూరత్ బట్టల మార్కెట్‌లో కూడా ఎవరూ అడగరు. అప్పటికి ఎండ కూడా ముదురుతుంది. పరుగుకు ముందటి బుధవారం నుంచి ‘పిండిపదార్థం కూడబెట్టడం’ పేరిట లాగించిన లోచో, ఖమణ్, ఘారీ మాత్రం పొట్టలోనే బరువుగా కూర్చుని ఉంటాయి.

ఇందులో వింతేమిటంటే, ఈ సంగతి కాకకు తెలియనిది కాదు. జీవితమంతా సాంచాల మధ్య గడిపిన మనిషి. మోటారు వేగం పెంచితే పోగు తెగుతుందని, తెగిన పోగు ముడివేసేలోపు పెంచిన వేగమంతా దండగేనని కుర్రాళ్లకు చెప్పేది ఆయనే. నాడె పొద్దున ఎంత జోరున తిరిగిందో సాయంత్రమూ అంతే జోరున తిరగాలన్నది ఆయన సిద్ధాంతం. సాంచా దగ్గర అంత నిదానం ఉన్న మనిషి చొక్కాకు నంబరు గుచ్చుకోగానే ఆ నిదానాన్ని గుమ్మంలోనే వదిలేసి వస్తాడు.

ప్రపంచ రికార్డులన్నీ చదును దారుల్లోనే వస్తున్నాయి కదా అని ఆయన తరఫున ఎవరైనా వాదించవచ్చు. నిజమే. 2023లో పరుగువీరుడు కెల్విన్ కిప్టమ్ మారథాన్‌ను 2 గంటల 35 సెకన్లలో పరుగెత్తింది చదునైన షికాగోలోనే. అయితే కిప్టమ్ రెండో సగం మొదటి సగం కంటే వేగంగా పరుగెత్తాడు. చదును దారి మెచ్చేది అలాంటి నిగ్రహాన్ని. అది లేనివాడికి దారి ఎంత సాపుగా ఉన్నా గోడ గోడే. నీళ్లు బాగా తాగితే గండం గడుస్తుందనేది ఇంకో వాదం. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయింది. ఎక్కువగా నీళ్లు తాగి, పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు హెచ్చు. కాబట్టి కనిపించిన ప్రతి నీళ్ల బల్ల దగ్గరా మొహమాటానికి తాగనక్కర్లేదు. పరుగు ముగిశాక కాక సాకులు మొదలవుతాయి. గుట్టలు లేని ఊళ్లో ఫ్లైఓవర్లను తిడతాడు. గడియారం 42.6 కిలోమీటర్లు చూపించింది, కొలత తప్పు అంటాడు. దారిని అతి దగ్గరి గీత వెంట కొలుస్తారు, మలుపు మలుపుకూ వెడల్పుగా తిరిగింది ఆయనే.

ఇంత తిట్టినా, ఆయన్ను తిట్టే అర్హత ఎవరికుందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. జీతం వచ్చిన వారంలోనే ఖర్చుపెట్టి ఆఖరి పది రోజులు ఈడ్చేవాళ్లం, ఉగాదినాడు డైరీ కొని శ్రీరామనవమికి మూసేసేవాళ్లం మనమందరం చదును దారి మీద కాకలమే. ఈ వ్యాసం రాసినవాడికీ మొదటి పేరాలో ఉన్న ఊపు ఈ పేరాకు మిగల్లేదు. తేడా ఒక్కటే. కాక కుంటుకుంటూనైనా గీత దాటి వస్తాడు, వచ్చే ఏడాది మళ్లీ పేరు ఇస్తాడు. ఆయనకు చెప్పాల్సింది ఆయన మాటే: మొదటి 10 కిలోమీటర్లు సాంచా దగ్గర ఉన్నట్టు ఉండు కాకా, పోగు తెగకుండా చూసుకో.