బండిని చూసే గేటు తీస్తారట!

ఏ బ్రౌజర్‌లోనైనా పేజీ ఒకేలా పనిచేయాలన్నదే వెబ్ ప్రమాణాల ఉద్దేశం. సర్కారు పోర్టళ్లు కొన్ని మాత్రం 'ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే చక్కగా కనిపిస్తాం' అని ఏళ్ల తరబడి అడుగున రాసుకుని కూర్చున్నాయి. ఆ ఎక్స్‌ప్లోరర్ 11కు మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న సెలవు చెప్పేసింది. ఇప్పుడా పీట క్రోమ్‌ది. పోర్టళ్లను పరీక్షించేది ఎక్కువగా దానిమీదే కనుక ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కోసారి బటన్ పలకదు. 2017లో వచ్చిన జియోఫోన్ బ్రౌజర్‌దీ ఫైర్‌ఫాక్స్ వంశమే. దాని గోడు అడిగేదెవరు? ఆదోని యార్డుకు పత్తి ఎద్దుల బండిలో వచ్చినా, ట్రాక్టర్‌లో వచ్చినా కాంటా ఒకటే. పోర్టల్ దగ్గర మాత్రం బండి కంపెనీ చూసి గేటు తీస్తారు. ఎమ్మిగనూరు నేతన్న చేతిలోని పాత ఫోన్‌లో ఒక్కసారి తెరిచి చూశాకే పోర్టళ్లను ప్రారంభించండి, అయ్యలారా!