27వ నంబరు

నా థీసిస్‌లో ఒక వాక్యం ఉంది: "కై-స్క్వేర్ పరీక్షకు కావలసిన షరతులన్నీ నెరవేరాయి." అది రాసిన రాత్రి నిశ్చింతగా నిద్రపోయాను. ఆ వాక్యం నిజం కాదు. తెలిసి రాసిన అబద్ధం కాదు గానీ, తెలుసుకోవడానికి అరగంట కూడా కూర్చోలేదు. నన్ను బాధపెట్టేది అదే.

అప్పటికి కోనసీమ ఇంకా తూర్పుగోదావరిలోనే ఉంది. రాజోలు వైపు, వసిష్ఠకీ వైనతేయకీ నడుమ ఉన్న ఊళ్ళలో బోదకాలుతో బాధపడుతున్న 40 మందిని తీసుకున్నాను. ఊళ్ళో ఏటా పంచే డీఈసీ మాత్ర మన తెలుగువాడి చలవే. వసిష్ఠ దాటితే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో వెలికితీసిన మందు అది. రక్తంలో తిరిగే పురుగు పిల్లలను ఆ మందు చంపుతుంది. ఏళ్ళ తరబడి వాచి గట్టిపడిన కాలిని మాత్రం మామూలు కాలు చేయలేదు. ఆ కాలికి అసలు నరకం జ్వరం. వేళ్ళ సందుల్లో ఒరుసుకుపోయిన చోట, మడమ పగుళ్ళలో సూక్ష్మజీవులు చేరతాయి. కాలు ఎర్రబడి, చలితో వణుకు పుట్టి, మనిషి మంచాన పడతాడు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, పగుళ్ళకు మందు రాసుకుంటే ఆ జ్వరాలు తగ్గుతాయా అన్నదే నా ప్రశ్న.

చీట్లు తీసి 20 మందికి కడగడం దగ్గరుండి నేర్పాను. మిగతా 20 మందికి మామూలుగా చెప్పే జాగ్రత్తలు చెప్పాను. మూడు నెలలు, నెలకోసారి ఇంటింటికీ వెళ్ళి "ఈ నెల జ్వరం వచ్చిందా?" అని అడిగి రాసుకున్నాను.

చివరికి లెక్క తేలింది. కడగడం నేర్చుకున్నవాళ్ళలో ఒక్కసారైనా జ్వరం వచ్చినవాళ్ళు నలుగురు. రెండో గుంపులో ఏడుగురు. నాలుగు గళ్ళ పట్టిక వేసి చూస్తే ఒక గడిలో 4 కనిపించింది. గడిలో 5 కన్నా తక్కువ ఉండకూడదని ఎక్కడో విన్నాను. పట్టిక చెడిపోయిందనుకున్నాను. నా మొదటి తెలివితక్కువ పని ఇదే. ఆ నియమం మనం లెక్కపెట్టిన అంకె గురించి కాదు. రెండు గుంపులకూ తేడా లేకపోతే ఆ గడిలో సగటున ఎంత ఉండాలో, ఆ అంకె గురించి. జ్వరం వచ్చినవాళ్ళు మొత్తం 11 మంది, గుంపులు సమానం, కాబట్టి ఉండాల్సింది 5.5. పట్టిక చక్కగానే ఉంది. నేనే దాన్ని చదవలేదు.

చదవకుండా "బాగు చేశాను". మనుషుల్ని వదిలేసి సందర్శనలు లెక్కపెట్టాను. ఒక్కొక్కరిని మూడుసార్లు చూశాను కదా, గుంపుకి 60, మొత్తం 120. జ్వరం ఉందన్న జవాబులు ఒకవైపు 6, మరోవైపు 18. గళ్ళన్నీ నిండుగా కళకళలాడాయి. కై-స్క్వేర్ విలువ 7.5 వచ్చింది, 3.84 దాటితే చాలు. పొంగిపోయాను. ఆశా కార్యకర్తల సమావేశంలో నిలబడి, ఈ పద్ధతి రుజువైందని గట్టిగా చెప్పాను కూడా.

రెండేళ్ళ తర్వాత ఒక జూనియర్ అమ్మాయి తన పనికి నమూనాగా ఉంటుందని నా రిజిస్టరు అడిగి తీసుకుంది. మర్నాడు వచ్చి, ఎంతో మర్యాదగా అడిగింది: "సార్, ఈ 120 మంది ఎవరండీ? ఇందులో 40 పేర్లే ఉన్నాయి కదండీ?"

నాకు నోట మాట రాలేదు.

కార్ల్ పియర్సన్ 1900లో ఈ పరీక్షను లోకానికిచ్చినప్పటి నుంచీ దాని పునాది ఒక్కటే: లెక్కలోకి వచ్చే ఒక్కో అంశం వేరేదాంతో సంబంధం లేకుండా విడిగా ఉండాలి. గళ్ళలో అంకెలు పెద్దవా చిన్నవా అన్నది ఆ తర్వాతి మాట. పోయిన నెల జ్వరం వచ్చిన కాలికి ఈ నెలా వచ్చే అవకాశం ఎక్కువ. పగులు అదే, వాపు అదే, మనిషీ అదే. పట్టికలో అంకెలన్నిటినీ మూడింతలు చేస్తే కై-స్క్వేర్ కూడా మూడింతలవుతుంది, కొత్తగా తెలిసింది రవ్వంత లేకపోయినా. నేను సరిగ్గా మూడింతలు చేయలేదు గానీ చేసింది ఆ జాతి పనే. లేని ఇబ్బందిని తప్పించుకోబోయి, ఉన్న ఒక్క గట్టి షరతునీ విరగ్గొట్టాను.

ఆ సాయంత్రం మనుషుల లెక్కతో మళ్ళీ చేశాను. 1.13. అంటే 40 మందిని చూసి ఏమీ తేల్చలేమని. కాళ్ళు కడుక్కోవడం మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే చెబుతోంది. కానీ నేను రుజువు చేశానన్నది నేను రుజువు చేయలేదు. మా గైడుగారికి ఆ మాటే ఉత్తరం రాశాను. ఆశా కార్యకర్తలకూ వెళ్ళి చెప్పాను. వాళ్ళ ముఖాలు చూడటం కష్టమైంది.

రిజిస్టరు మళ్ళీ తిరగేస్తుంటే రెండో గుంపులో 27వ నంబరు దగ్గర ఆగాను. మూడు నెలలూ "అవును" అనే ఉంది. కాలవ గట్టు మీద ఇల్లు, వాకిట్లో కొబ్బరి డొక్కల గుట్ట. మూడోసారి వెళ్ళినప్పుడు మామ్మగారు అరుగు మీద కాలు చాపుకుని, "ఆయ్, మళ్ళీ వచ్చేసిందండి డాక్టరుగారూ, నాలుగు రోజులు లేవలేదండి" అన్నారు. నేను తలవంచుకుని టిక్కు పెట్టి, పక్కింటికి వెళ్ళిపోయాను. నా పట్టికలో ఆవిడ ముగ్గురు మనుషులు. ఆవిడకి కడగడం ఎలాగో నేర్పాల్సిన సంగతి, అధ్యయనం ముగిశాక కూడా, నాకు గుర్తు రాలేదు.

ఆ ఆదివారం సబ్బు, మెత్తటి తువ్వాలు, పగుళ్ళకు మందు తీసుకుని రాజోలు బస్సెక్కాను.