పాతాళగంగకు హద్దురాళ్లు

కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహల్లో 46 మీటర్ల లోతుకు దిగితే పాతాళగంగ కనిపిస్తుంది. సన్నగా పారివచ్చి, చూస్తుండగానే రాతిలోకి దూరి మాయమైపోతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలూం ఊరి బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహలన్నీ నీరు సున్నపురాయిని కరిగించి తొలుచుకున్నవే. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి సంగతి రాసిపెట్టాడు. 1982-83లో గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలంతా తిరిగి చూసింది. 2002 నుంచి టికెట్ కొన్న ప్రతివాడూ చూస్తున్నాడు. చూడని మనిషి ఒక్కడే: గని మూసివేత ప్రణాళిక రాసే కన్సల్టెంటు. ఆయన లెక్కలో భూగర్భజలం లీజు హద్దురాయి దాకా వచ్చి, బోర్డు చదువుకుని, వెనక్కి తిరిగిపోతుంది.

ప్రణాళికలో చివరి అంకం ఎక్కడైనా ఒకటే. గుంత పూడ్చాలి, పైన మట్టి పరచాలి, మట్టిలో మొక్కలు నాటాలి, మొక్కల పక్కన ఫొటో దిగాలి. గుంత కనబడకపోతే గుంత లేనట్టే.

బేతంచెర్ల, బనగానపల్లె, అవుకు వైపు బండలు తీసి వదిలేసిన గుంతలకు కొదవలేదు. పాలిష్ ఫ్యాక్టరీల తెల్ల బురద కూడా ఎక్కడో ఒకచోట చేరాల్సిందే. వానాకాలంలో జారుడు పేస్టు, ఎండాకాలంలో కంట్లో పడే పిండి. న్యాయంగా చెప్పాలంటే ఆ బురద విషం కాదు, రాయి పొడే. కానీ ఊరి పక్కన గుంతంటూ ఉంటే అందులో రాయి పొడి ఒక్కటే పడుతుందని ఎవరైనా పూచీ ఇస్తారా?

పూడ్చిన గుంత ఏం చేస్తుందో అర్థం కావాలంటే వంటింట్లోకి వెళ్తే చాలు. కాఫీ గింజల మీద వేడినీళ్లు పోస్తే పెద్దగా ఏమీ దిగదు. అవే గింజలను పొడి కొట్టి ఫిల్టర్లో వేసి పోస్తే చిక్కటి డికాక్షన్ దిగుతుంది. నేలలో కోట్ల ఏళ్లు గట్టిగా, గాలి తగలకుండా ఉన్న రాయిని పేల్చి, పగలగొట్టి, గాలి పట్టించి మళ్లీ అదే గుంతలో పోయడమంటే ఫిల్టరు సిద్ధం చేయడమే. గని నడిచినన్నాళ్లూ మోటార్లు నీటిని తోడుతుంటాయి. మోటార్లు ఆగిన రోజు నుంచి ఊట పైకి లేస్తుంది. చుట్టూ ఉన్న రాతి కంటే పూడ్చిన సరుకు గుల్ల కాబట్టి నీటికి అదే రాచబాట. డికాక్షన్ ఎవరి బావిలో దిగుతుందో ప్రణాళికలో రాసి ఉండదు.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఫ్లాంబో రాగి గని ఉండేది. 1993 నుంచి 1997 దాకా తవ్వారు. 220 అడుగుల లోతు. నది ఒకచోట 140 అడుగుల దూరమే. మనకంటే బుద్ధిమంతులు కాబట్టి నదికీ గుంతకూ మధ్య నేలలో అడ్డుగోడ కట్టారు, పూడ్చేటప్పుడు సున్నపురాయి కలిపారు. అయినా పూడ్చిన గుంతలోని నీళ్లలో మాంగనీసు పరిమితికి మించి తేలింది. కెనడాలోని రాబిట్ లేక్ గనిలో వేరే ఉపాయం పన్నారు. వ్యర్థం చుట్టూ నీరు సులువుగా పారే రాతి పొర వేసి, గుంతలో నీటిమట్టాన్ని చుట్టుపక్కల కంటే తక్కువలో ఉంచుతూ తోడిపోస్తారు. అలా చేస్తే నీరు లోపలికి వస్తుంది తప్ప బయటికి పోదు. మోటారు తిరిగినన్నాళ్లూ! కరెంటు బిల్లు కట్టేది ఎవరన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో ప్రధాన ఖనిజాల గనులకు 2021 నిబంధనల సవరణ ప్రకారం కంపెనీ హామీగా చూపాల్సింది ఎ కేటగిరీకి హెక్టారుకు 5 లక్షలు, బి కేటగిరీకి 3 లక్షలు. ఆ డబ్బుతో మొక్కలకు నీళ్లు పోయొచ్చేమో గానీ, మనవళ్ల కాలం దాకా మోటారు తిప్పడం కష్టం.

“మనది సున్నపురాయి నేల, ఏ విషాన్నయినా అదే విరిచేస్తుంది” అనేది మరో ధీమా. ఆమ్లం సంగతైతే సగం నిజమే. యురేనియం దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో ఖనిజం నుంచి యురేనియాన్ని విడదీసేదే సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్‌లతో. అంటే కార్బొనేట్ నీళ్లలో యురేనియం కరుగుతుందని ఆ ఫ్యాక్టరీయే రోజూ రుజువు చేస్తోంది. మిల్లులో కరిగే సరుకు, వ్యర్థాలు నిలవచేసే టెయిల్‌పాండ్‌లోకి రాగానే ఒళ్లు దగ్గర పెట్టుకుని కూర్చోవాలట! ఆ పక్కనే ఉన్న కె.కె.కొట్టాల రైతులు బోర్లు చెడిపోయాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నిపుణుల కమిటీని వేసింది. ఆ ఏడే ఆళ్లగడ్డ ప్రాంతంలో యురేనియం కోసం బోర్లు వేస్తున్నారని తెలిసి జనం అడ్డుపడ్డారు. 2024లో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల అడవిలో 68 బోర్లన్నప్పుడూ అదే జరిగింది. “ఉత్త అన్వేషణకే ఇంత గోలా?” అని అడిగినవాళ్లు తుమ్మలపల్లెకు బస్సెక్కి ఉండరు.

నీటి దారి కనిపెట్టడానికి పాత పద్ధతి ఒకటుంది. హాని లేని ఫ్లోరెసిన్ అనే పచ్చరంగును గుంతలో కలిపి, చుట్టుపక్కల బావుల దగ్గర కాపలా కాయడమే. ఖర్చూ పెద్దగా ఉండదు. మూసివేత ధ్రువపత్రం మీద సంతకం పెట్టే ముందు అధికారి ఒక్కసారి ఆ రంగు పోయించాలి. తర్వాత నెల రోజులపాటు ఆ చుట్టుపక్కల ఊరి బావి నీళ్లతోనే కాఫీ తాగాలి. రంగు ఏ ఊళ్లో తేలితే ఆ ఊళ్లోనే ఫొటో దిగొచ్చు.