మూడు చెరువులు, మూడు నిమిషాలు

2026 ప్రపంచ కప్ పుణ్యమా అని అమెరికా ఈసారి నిజంగానే ఫుట్‌బాల్ ప్రేమలో పడిందట. శుభం. 1975లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌లో చేరినప్పుడూ పడింది. పదేళ్లు తిరక్కుండా ఆ లీగే మూతపడింది. 1994లో ప్రపంచ కప్ పెట్టినప్పుడు మళ్లీ పడింది. 2007లో బెక్‌హమ్ దిగితే మళ్లీ, 2023లో మెస్సీ మయామీ చేరితే మళ్లీ. యాభై ఏళ్లుగా పడుతూనే ఉంది, మధ్యలో ఎప్పుడు లేచిందో మాత్రం ఎవరూ రాయరు.

నాకీ శుభవార్త మోసుకొచ్చింది డాలస్ నుంచి హైదరాబాద్ వెళ్తూ దుబాయ్‌లో ఆగిన మా బావమరిది. 2025 డిసెంబరులో ఒక శనివారం, మమ్జార్ పార్కు, నీడలో చాప, బొగ్గుల మీద కోడి. ఈ దేశం మాలాంటివాళ్లకిచ్చే సుఖం ఏడాదికి ఈ నాలుగు నెలలే. "బావా, వచ్చే సమ్మర్‌కి చూడు, మా దగ్గరే తొమ్మిది మ్యాచ్‌లు!" అన్నాడు. మా దగ్గరంటే ఆర్లింగ్టన్. జన్మలో ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూసిన పాపాన పోలేదు. టికెట్ల లాటరీలో మాత్రం పేరిచ్చాడు. చూడ్డానికి కాదు, రీసేల్‌కి.

వాడికి అన్నిటికన్నా నచ్చింది నీళ్ల విరామం.

ప్రతి సగంలోనూ ఇరవై రెండో నిమిషం దాటాక రెఫరీ ఈల వేస్తాడు, మూడు నిమిషాలు ఆట ఆగుతుంది. ఎండ ఉన్నా సరే, లేకున్నా సరే. అట్లాంటా, ఆర్లింగ్టన్, హ్యూస్టన్ స్టేడియాలకు కప్పుంది, ఏసీ ఉంది. గ్యాలరీలో జనం స్వెట్టర్లు వేసుకుని కూర్చున్నా, కింద ఆడేవాడికి వడదెబ్బ తగులుతుందని ఫిఫాకి బెంగ. పదకొండు మందికీ, ఎదుటి పదకొండు మందికీ, పదహారు నగరాల్లోనూ, ముహూర్తం పెట్టినట్టు ఒకే నిమిషానికి గొంతెండుతుంది. 104 మ్యాచ్‌లు, రెండేసి విరామాలు, మూడేసి నిమిషాలు. లెక్కేస్తే పది గంటలు పైమాటే. ఆ పది గంటలూ టీవీలో ప్రకటనలు మాని గుటకలు చూపిస్తారనుకుంటున్నారా?

ఇదివరకూ ఆపేవారు. 2014లో బ్రెజిల్‌లో ఉక్కపోతకి ఆపారు, అప్పుడు థర్మామీటర్ చూసి ఆపారు. ఇప్పుడు గడియారం చూసి ఆపుతారు. ఓడుతున్న జట్టు కోచ్‌కి పండగ, దూకుడు మీదున్న జట్టుకి మూడు చెరువుల నీళ్లు.

అలాగని ఆటగాళ్లకి ఎండ తగలదని కాదు. 2025 జూన్‌లో క్లబ్ ప్రపంచ కప్‌లో, సిన్సినాటిలో, డార్ట్‌మండ్ సబ్‌స్టిట్యూట్లు బెంచీ మీద కూర్చోలేక మొదటి సగం డ్రెస్సింగ్ రూములో టీవీలో చూశారు. మిట్టమధ్యాహ్నం మ్యాచ్ పెట్టిందెవరు? యూరప్‌లో టీవీలకు సాయంత్రం కావాలని పెట్టారు. ఎండ బాధ తీర్చాలంటే వేళ మార్చాలి. అది మాత్రం మార్చరు.

అమెరికాకి ఈ కత్తిరింపులు కొత్తేమీ కాదు. 1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడు గడియారాన్ని వెనక్కి నడిపారు. డ్రా అయితే జనానికి అర్థం కాదని ముప్పై అయిదు గజాల నుంచి షూటౌట్ పెట్టారు. నాలుగు సీజన్లయ్యాక సిగ్గుపడి తీసేశారు. ఇప్పుడా సిగ్గు కూడా లేదు. ఫైనల్లో హాఫ్‌టైమ్ పాటకచేరీ. ఆ ఫైనల్‌కి అభిమాన సంఘాల కోటాలో కూడా మొదట కనీస ధర 4,185 డాలర్లు, మన దిర్హాముల్లో పదిహేను వేలు పైనే. డ్రా తీసే సభలో అమెరికా అధ్యక్షుడికి ఫిఫా శాంతి బహుమతి. వద్దులెండి.

నాకు ఒళ్లు మండేది మరోచోట. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట కూలీలతో పని చేయించకూడదని నిబంధన. తప్పితే మనిషికి అయిదు వేల దిర్హాముల జరిమానా. జగిత్యాల నుంచో నిజామాబాద్ నుంచో వచ్చి దుబాయ్ సోనాపూర్ కూలీల క్యాంపులో ఉండేవాడికి రెండున్నర గంటల నీడ దొరకాలంటే నిబంధన రావాలి, ఇన్‌స్పెక్టరు రావాలి, జరిమానా భయం ఉండాలి. మూడున్నరకి మళ్లీ ఇనుప చువ్వలు పట్టుకుంటే చేతులు కాలతాయి, అప్పుడు ఏ రెఫరీ ఈల వేయడు. ఏసీ కింద ఆడేవాడికేమో అడక్కుండానే నీళ్లొచ్చాయి. వాటి వెనక ప్రకటనదారుడున్నాడు, వీడి వెనక అప్పిచ్చినవాడున్నాడు. దీన్ని ఆటగాళ్ల సంక్షేమం అనకండి, వినలేను.

అమెరికా ప్రేమలో పడిందన్న బావమరిది మాటకి చాప మీదున్న తెలుగువాళ్లంతా తలలూపారు చూడండి, అదింకో మంట. ఇక్కడ మన సంఘాలకి వారాంతమంటే క్రికెట్ టోర్నీయే. ఫుట్‌బాల్ మలయాళీల పని అని ఎప్పుడో వదిలేశాం. రోవర్స్ కప్ వరసగా అయిదేళ్లు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు మనదే. దానికి కోచ్ రహీం. 1962లో జకార్తాలో దేశానికి ఆసియా క్రీడల బంగారం తెచ్చిపెట్టింది కూడా ఆయనే. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పెత్తిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో మూటాముల్లె సర్దుకుని పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఒక్కడూ ఏడవలేదు. ఆ ఏడాది డిసెంబరు నాటికి కూడా ఐఎస్‌ఎల్ కొత్త సీజన్‌కి ముహూర్తమే కుదరలేదు. అదే డిసెంబరు 13న ఉప్పల్‌కి మెస్సీ వస్తే మాత్రం ముఖ్యమంత్రి జెర్సీ వేశారు, ఫొటోకి దాదాపు పది లక్షలన్నా ఎగబడ్డారు. అందులో ఎంతమంది గచ్చిబౌలిలో ఖాళీ కుర్చీల మధ్య ఆ జట్టు ఆట చూశారో కనుక్కోండి. కనుక్కున్నాక అమెరికాకి ఫుట్‌బాల్ అంటే ప్రేమో కాదో నాతో వాదించండి.