బాయిలరు ఇన్‌స్పెక్టరు

స్టీమ్‌పంక్ నవలలు, అంటే విక్టోరియా కాలపు ఆవిరి యంత్రాల కల్పిత కథలు, చదివేవాళ్లు నలుగురు చేరిన చోట, అది లండనైనా లాస్ ఏంజెలెస్ అయినా, ఈయన ఉండి తీరతాడు. నెత్తిన పొడుగు టోపీ, దాని చుట్టూ ఇత్తడి అంచుల కళ్లద్దాలు. ఆ అద్దాలు ఏనాడూ కళ్ల మీదికి దిగి ఎరగవు. జేబులో గొలుసు గడియారం ఉంటుంది. టైమెంతని అడిగితే మాత్రం ఫోను తీస్తాడు. పుస్తకాన్ని ఈయన చదవడు, తనిఖీ చేస్తాడు. అందుకే నా లెక్కలో ఈయన బాయిలరు ఇన్‌స్పెక్టరు.

ఈయన చేతిలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు టిమ్ పవర్స్. 1983లో వచ్చిన ఆయన నవల ‘ది అనూబిస్ గేట్స్’, తొలి స్టీమ్‌పంక్ నవలల జాబితా ఎవరు వేసినా అందులో ఉంటుంది. ఈయన బాధంతా అదే.

“అట్ట నుంచి అట్ట దాకా గాలించానండీ. ఒక్క ఇంజను లేదు, ఒక్క పొగగొట్టం లేదు. దీనికి ఫిలిప్ కె. డిక్ అవార్డు కూడా ఇచ్చారు. ఇచ్చేముందు ఒకరైనా లోపలికెళ్లి చూశారా?”

నిజమే, కథ నడిచేది ఆవిరితో కాదు, మంత్రంతో. బ్రెండన్ డోయిల్ అనే ఇంగ్లిషు ప్రొఫెసరు, కవి కోల్‌రిడ్జ్ ఉపన్యాసం వినాలని ముచ్చటపడ్డ కోటీశ్వరుల వెంట 1810 నాటి లండనుకు వెళ్లి అక్కడే చిక్కుబడిపోతాడు. ఈజిప్టు మాంత్రికులు, ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి మారిపోయే తోడేలు మనిషి, బిచ్చగాళ్ల ముఠాను ఏలే హొరాబిన్ అనే విదూషకుడు. ఆ గందరగోళంలో, ఆ లండన్ వీధిలో, ఎవరో ఈలపాట వేస్తుంటారు. అది బీటిల్స్ ‘యెస్టర్‌డే’! అక్కడికొచ్చేసరికి మామూలు మనిషెవడైనా కుర్చీ అంచుకు జరుగుతాడు. ఇన్‌స్పెక్టరు పేజీ పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు: “ఈల. యంత్రం కాదు.”

రెండో అభియోగం తేదీల మీద. “విక్టోరియా పుట్టిందే 1819లో. గద్దెనెక్కింది 1837లో. రాణిగారు పుట్టకముందు స్టీమ్‌పంకేమిటండీ?” ఆయన్ని చల్లబరుద్దామని ఎవరో చెప్పారు, పవర్స్ ఆ బిచ్చగాళ్ల లోకానికి కావలసిన సరుకంతా హెన్రీ మేహ్యూ లండన్ పేదల గురించి రాసిన గ్రంథంలోంచి తెచ్చుకున్నాడనీ, మేహ్యూ తిరిగింది విక్టోరియా కాలపు వీధుల్లోనేననీ. ఇన్‌స్పెక్టరు ముఖం క్షణం వెలిగింది. “అయితే ఇంకా ఘోరం. పుట్టని బిచ్చగాళ్లను పట్టుకొచ్చాడన్నమాట.”

అసలు స్టీమ్‌పంక్ అన్న మాటే 1987 దాకా లేదు. తనూ, పవర్సూ, జేమ్స్ బ్లేలాకూ రాస్తున్న కథలకు ఏదో ఒక పేరుండాలని కె. డబ్ల్యు. జీటర్ ‘లోకస్’ పత్రికకు రాసిన ఉత్తరంలో ఆ మాట హాస్యానికి అన్నాడు. నాలుగేళ్ల పిల్లకు బారసాల చేసి, పేరుకు తగ్గట్టు పుట్టలేదేమని తల్లిని నిలదీస్తే ఎలా?

ఒక్కసారి మాత్రం మెత్తబడ్డాడు. నవలలో డాక్టర్ రోమనీ స్ప్రింగుల చెప్పులతో ఎగిరెగిరి నడుస్తాడు. “స్ప్రింగులు! ఇది రాసుకోవచ్చు.” తీరా చూస్తే, మంత్రవిద్య వల్ల నేల గిట్టని ఒళ్లు కాబట్టి వాటిని తొడుక్కున్నాడని తేలింది. వెంటనే కొట్టేశాడు.

కొత్తవాళ్లు కనిపిస్తే వేషం మారుతుంది. నవలలో విలియం ఆష్‌బ్లెస్ అనే కవి ప్రస్తావన వస్తుంది కదా, ఆ పేరు వినగానే కళ్లు సగం మూస్తాడు. “ఆష్‌బ్లెసా! కాలేజీలో ఉండగానే చదివేశాను. తొలిరోజుల పద్యాల్లో ఉన్న పదును తర్వాత పోయింది పాపం.” ఆ కవి, చదువుకునే రోజుల్లో పవర్స్, బ్లేలాక్ కలిసి కల్పించిన శాల్తీ. తెలిసినవాళ్లు ఎవరూ చెప్పరు. వినోదం ఎవరు పోగొట్టుకుంటారు? నన్నడిగితే, లేని కవికి ఇంత శ్రద్ధగల పాఠకుడు దొరకడం పవర్స్ అందుకున్న అవార్డుల్లోకెల్లా పెద్దది.

మొన్న ఒకావిడ జాలిపడి జీటర్ రాసిన ‘ఇన్‌ఫర్నల్ డివైసెస్’ ఈయన చేతిలో పెట్టింది. విక్టోరియా కాలపు లండను, తండ్రి చేసిపోయిన వింత యంత్రాలతో వేగలేని కొడుకు, అడుగడుగునా చక్రాలు, పళ్లు, మరలు. ఇంకేం కావాలి? వారం తిరక్కుండా పుస్తకం వెనక్కి వచ్చింది.

“అంతా గడియారం సరుకేనమ్మా. కీ ఇస్తే తిరుగుతుంది. బాయిలరేదీ?”

“మరి ఆ పేరు పెట్టింది ఈ జీటరే కదండీ!”

“అదేనమ్మా నేనూ అంటున్నది. పెట్టినాయనకైనా తెలిసుండాల్సింది.”