స్థలం ఖరారైంది, అభిప్రాయం చెప్పండి

ప్రజాభిప్రాయ సేకరణ నోటీసుకంటూ ఒక శైలి ఉంది. ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా’ అని గొంతు సవరించుకుని, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, నాలుగు దిక్కుల హద్దులు వరసగా చెప్పి, చివర్లో జనం మీద కాస్త జాలిపడుతుంది: అభ్యంతరములు, సలహాలు ఉన్నయెడల గడువులోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను, లేనియెడల అభ్యంతరములు లేవని భావించబడును. మామూలు లోకంలో మౌనం అర్ధాంగీకారం. నోటీసు లోకంలో అది పూర్ణాంగీకారం. ఇంకో సంగతి గమనించండి. ‘అభ్యంతరములు’ ముందు, ‘సలహాలు’ తర్వాత. కుర్చీలో ఉన్నాయనకు జనం అనగానే ముందు గుర్తొచ్చేది అడ్డుపడేవాడే అన్నమాట. ఆయన్ని తప్పుపట్టలేం. సర్వే నంబరూ హద్దులూ అచ్చయిపోయాక వచ్చినవాడు అడ్డుపడడం తప్ప ఇంకేం చేయగలడు? శుభలేఖలు పంచేశాక పెళ్ళికూతుర్ని అడిగితే, ఆమె నోరు తెరవడమే అభ్యంతరం కింద లెక్క.

సికింద్రాబాద్ దగ్గరి యాప్రాల్‌లో ఒక సామాజిక భవన సముదాయం కట్టాలనుకుందాం. లైబ్రరీ, బస్తీ దవాఖానా, ఫంక్షన్ హాలు, పిల్లలు ఆడుకునే జాగా, పెద్దవాళ్ళు పేపరు చదువుకునే వరండా, అన్నీ ఒకే ప్రహరీలో. (ఊహే సుమండీ. ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. ఈ కాలమ్ చూసి ప్లాట్ల రేట్లు పెంచొద్దని మనవి.) కావాలా అని అడిగితే చెయ్యెత్తనివాళ్ళుండరు. ఎక్కడ అని అడిగితే ఎత్తిన చేతులన్నీ దిగిపోతాయి. ఇక్కడి భూగోళం అలాంటిది. ఒక పక్క మిలిటరీ జాగా, ఒక పక్క కంటోన్మెంట్ హద్దు, మిగిలింది మున్సిపల్ కార్పొరేషన్ది. రోడ్డు మీద గుంత పడితే దాన్ని పూడ్చడం తర్వాత, ముందు అది ఎవరి గుంతో తేలాలి. ఏ హద్దూ లెక్కచేయకుండా అందరిళ్ళకూ సమానంగా అందేది గాలి తిరిగిన రాత్రి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన ఒక్కటే. వానాకాలం ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో, ఏ గేటు ఎన్నింటికి మూస్తారో, ఏ ఖాళీ జాగా మీద ఎన్ని కేసులున్నాయో మ్యాపు చెప్పదు, అక్కడ కాపురం ఉన్నవాళ్ళు చెబుతారు. అందుకే అడగాల్సింది ‘భవనం ఎలా ఉంది’ అని కాదు, ‘ఎక్కడ పెడదాం’ అని. హద్దులు రాయకముందు అడగాలి. ఈ కాలమ్ వాదమంతా ఆ ‘ముందు’ గురించే.

చట్టాలు ఏమంటాయో చూద్దామంటే తమాషాగా ఉంటుంది. కంటోన్మెంటులో ఒక వీధిని శాశ్వతంగా మూసేయాలంటే 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం, 258వ సెక్షన్ అడ్డం వస్తుంది: భద్రత కారణం ఉండాలి, బహిరంగ నోటీసు ఇవ్వాలి, జనం అభ్యంతరాలు వినాలి. ఈ సెక్షన్ నంబరు వకీళ్ళకన్నా అల్వాల్, యాప్రాల్, సైనిక్‌పురి వాళ్ళకే బాగా కంఠతా వచ్చు, మూసిన గేటు దగ్గర బండి వెనక్కి తిప్పుకునేది వాళ్ళే కాబట్టి. 2018 మే నెలలో రక్షణ శాఖ దేశమంతటా కంటోన్మెంట్లలో మూసిన రోడ్లు తెరవమంది. సికింద్రాబాద్‌లో గేట్ల పంచాయితీ ఆ తర్వాత కూడా తెగలేదనుకోండి. కనీసం అడగాలన్న మాటైనా చట్టంలో ఉంది. మరి కట్టడానికో? పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్, అదీ 2006లోదే, బహిరంగ విచారణకు 30 రోజుల నోటీసు ఇవ్వాలంటుంది, అంతా వీడియో తీయాలంటుంది, భవనాలూ టౌన్‌షిప్‌ల దగ్గరికి రాగానే ఈ ప్రజాభిప్రాయ తతంగం వాటికి అక్కర్లేదని మినహాయిస్తుంది. మూసేటప్పుడు అడగాలి, కట్టేటప్పుడు అక్కర్లేదు. పోనీ అడుగుదామన్నా ఎవరి ద్వారా? మూడు లక్షలు, ఆపై జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణంలో రాసి పెట్టింది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో చెప్పగలరా? సికింద్రాబాద్ కంటోన్మెంట్ సంగతి ఇంకా తేలిక. అక్కడ బోర్డుకు 2015 జనవరిలో ఎన్నికలు జరిగాయి, గెలిచినవాళ్ళ గడువు పొడిగింపులతో కలిపి 2021 ఫిబ్రవరిలో ముగిసింది. 2023 ఏప్రిల్ 30న పోలింగ్ అని ప్రకటించి, ఆ రోజు రాకముందే రద్దు చేశారు. ఆ తేదీ గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

‘జనాన్ని అడుగుతూ కూర్చుంటే పని జరగదు’ అనేది ఇలాంటి వాదానికి వచ్చే మొదటి జవాబు. బరువైన జవాబే. దీన్ని పరీక్షించాలంటే ఎవర్నీ అడగకుండా స్థలం తేల్చిన ఒక పెద్ద పని తీసుకుని, అది ఎంత వేగంగా జరిగిందో చూడాలి. మన హైదరాబాద్‌లోనే ఉంది. 2015 జనవరి ఆఖర్లో తెలంగాణ మంత్రివర్గం సచివాలయాన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి స్థలానికి మార్చాలని నిర్ణయించింది. కారణం వాస్తు. మరి ఆస్పత్రి? వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లోకి. దగ్గుతూ బస్సెక్కి ఎర్రగడ్డ దాకా రావడానికే ఆయాసపడే మనిషికి కొండగాలి మంచిదే, అక్కడికి చేరడమే కొంచెం ఇబ్బంది. గొడవైంది, ఆగింది. తర్వాత చూపు సికింద్రాబాద్ బైసన్ పోలో, జింఖానా మైదానాల మీద పడింది. సచివాలయం, అసెంబ్లీ, కళాభారతి అనే సాంస్కృతిక కేంద్రం అన్నీ అక్కడే అన్నారు. అంటే మనం యాప్రాల్‌కు ఊహించుకున్న సముదాయానికి పెద్దన్న. ఆటగాళ్ళు వద్దన్నారు, మాజీ సైనికులు వద్దన్నారు, నగరం గురించి పట్టించుకునేవాళ్ళు హైకోర్టు మెట్లెక్కారు. అన్నిటికీ మించి ఆ జాగా రక్షణ శాఖది. కన్ను పడినంత సులువుగా చేతికి రాలేదు. చివరికి 2019 జూన్ 27న భూమిపూజ జరిగింది. ఎక్కడ? పాత సచివాలయం ఆవరణలోనే. ఎర్రగడ్డ నిర్ణయం నుంచి బయల్దేరిన చోటికే తిరిగి రావడానికి నాలుగేళ్ళ అయిదు నెలలు పట్టింది. ఆ వ్యవధిలో 30 రోజుల నోటీసులు ఒకదాని వెనక ఒకటి 53 ఇవ్వొచ్చు. అందులో ఒక్కటి, ఒకే ఒక్కటి, మొదట్లో ఇచ్చి ఉంటే ఎర్రగడ్డ పేషెంట్లూ జింఖానా ఆటగాళ్ళూ ఆ కాగితం మీదే చెప్పేవాళ్ళు కదా? కొత్త సచివాలయం 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైంది. సరిగ్గా కంటోన్మెంట్ ఓటర్లు ఓటు వేయాల్సి ఉండి వేయని ఆదివారం నాడు.

ఇక రెండో జవాబు: ‘స్థల నిర్ణయం సాంకేతిక విషయం, జనానికేం తెలుసు, నిపుణులు తేల్చాలి.’ ఈ మాట అనేవాళ్ళకు నిపుణుల మీద నిజంగా గురి ఉందేమోనని సంతోషిస్తాం. కానీ పక్క రాష్ట్రం తేదీలు చూడండి. ఆంధ్రప్రదేశ్ రాజధాని కోసం కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టు ఆఖర్లో నివేదిక ఇచ్చింది. అంతా ఒకేచోట కుప్పపోయొద్దు, విజయవాడ గుంటూరు మధ్య పంట భూములు జాగ్రత్త అంది. సెప్టెంబరు 4న శాసనసభలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని ప్రకటించారు. నిపుణులకు దక్కింది వారం పది రోజుల గౌరవం. ప్రభుత్వం మారింది. జి.ఎన్.రావు కమిటీ వచ్చి ఊళ్ళు తిరిగింది, జనం అర్జీలు తీసుకుంది. 2019 డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మూడు రాజధానులు రావచ్చని సభలో చెప్పారు. కమిటీ నివేదిక ఇచ్చింది డిసెంబరు 20న. జవాబు ప్రశ్నకంటే మూడు రోజులు ముందే పుట్టింది. నివేదికలో అదే మాట ఉండడం చూసి ఆశ్చర్యపోయినవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి గొడవ నిపుణుడికీ పామరుడికీ మధ్య కాదు. ఎవరు చెప్పినా ముందుగా చెబితేనే పనికొస్తుంది, వెనకొస్తే నిపుణుడి నివేదికా బస్తీ అర్జీ ఒకే బీరువాలో పక్కపక్కనే పడుకుంటాయి. ఈ ఒక్క విషయంలో తెలుగు రాష్ట్రాల పార్టీల మధ్య సిద్ధాంత భేదాలు ఏమీ లేవు.

మూడో జవాబు కొంచెం గుచ్చుకుంటుంది, ఎందుకంటే అది నిజం. జనాన్ని అడిగితే ప్రతి కాలనీ ‘హాలు కావాలి, మా పక్కన మాత్రం వద్దు’ అంటుంది. పక్కన ఫంక్షన్ హాలంటే బ్యాండు, బరాత్, గేటుకు అడ్డంగా కార్లు, తెల్లారేసరికి విస్తళ్ళు. పోనీ సభ పెడదామా అంటే దాని రూపం మనకు తెలిసిందే. పనిదినం, పొద్దున పదకొండు గంటలు. షామియానా. ముందు వరసలో తెల్ల తువ్వాలు పరిచిన సోఫాలు, అవి ఎవరికోసమో వాళ్ళు ఇంకా రాలేదు. వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో పింఛనుదారులు, పక్కనే హాజరు రిజిస్టరు. అందులో పెట్టిన సంతకం సాయంత్రానికి ‘సభికులు ఏకగ్రీవంగా ఆమోదించారు’ అయిపోతుంది. లైబ్రరీ నిజంగా కావాల్సిన పిల్ల, ఇంట్లో చదువుకోవడానికి మూల దొరకని గ్రూప్స్ అభ్యర్థి, ఆ సమయానికి ఏ షాపులోనో బిల్లులు కొడుతుంటుంది. వాళ్ళమ్మ నాలుగో ఇంటి గిన్నెల దగ్గర ఉంటుంది. ఇంత మాత్రాన అడగడం మానేయాలా? ఒకే సర్వే నంబరు చూపించి అడిగితే పక్కవాడు వద్దనక ఏమంటాడు? మూడు స్థలాలు, మూడింటికీ ఖర్చు, దారి, బస్టాపు దూరం పక్కపక్కన పెట్టి అడిగితే అదే మనిషి బేరానికి దిగుతాడు: రాత్రి పదింటికి మైకు బందు చేస్తానంటే రెండోది ఒప్పుకుంటా అంటాడు. బేరమాడడం మనకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. అడిగేది ఆదివారం సాయంత్రం, రేషన్ దుకాణం క్యూలో, బడి గేటు దగ్గర అయితే ఆ పిల్లా వాళ్ళమ్మా కూడా దొరుకుతారు.

అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లోనే జన భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసింది. అట్టడుగు మెట్టు మభ్యపెట్టడం. అభిప్రాయ సేకరణ నాలుగోది, అంటే నడుమ దాకా కూడా కచ్చితంగా రాలేదు. నిచ్చెన బాగానే గీసింది గానీ, ఆవిడ వైకుంఠపాళి ఆడినట్టు లేదు. ఆడి ఉంటే నాలుగో మెట్టు మీదే ఒక పాము నోరు కూడా గీసేది, దాని కింద ‘లేవని భావించబడును’ అని రాసి.

యాప్రాల్‌కు ఎప్పుడైనా ఆ సముదాయం రాసిపెట్టి ఉంటే, నోటీసు ముసాయిదా ఇలా ఉండవచ్చని సవినయంగా పంపుతున్నాం: ‘ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, స్థలము ఇంకను ఎంపిక కాలేదు. మూడు చోట్లు పరిశీలనలో ఉన్నవి. సలహాలు, అభ్యంతరములు ఈ వరుసలోనే తెలుపవలెను. ప్రతి దానికీ జవాబు వ్రాసి ఇదే బోర్డుపై అంటించబడును.’ కాకపోతే అచ్చుకు వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు ప్రెస్సులో నిలబడి కనిపెట్టుకోవాలి. ప్రూఫులు దిద్దే ఆయన ఇన్నేళ్ళ అనుభవం కొద్దీ ‘ఎంపిక కాలేదు’ అన్నది అచ్చుతప్పనుకొని ‘ఎంపికైనది’ అని దిద్ది, పక్కన సర్వే నంబరుకు ఖాళీ వదిలేయగలడు.